కళాయి పూసిన గంజు

జనగామ దగ్గరి పెంబర్తి అనగానే ఇత్తడి రేకు మీద తీర్చిన దేవతామూర్తులు, గుడి తొడుగులు గుర్తొస్తాయి. అంతే మెప్పు దక్కాల్సిన మరో ఇత్తడి పని వంటింట్లోనే ఉంది: పెద్ద గంజుకు లోపల కళాయి పూయడం. గంజు కొనేటప్పుడు సైజుకన్నా ముందు అడుగు మందం చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకన్నా ఇత్తడి సుమారు 7 రెట్లు బాగా వేడిని పారిస్తుంది, అందుకే మంట తగిలిన చోటే మాడదు. కానీ చింతపండు పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి కూరలోకి దిగుతుంది. దాన్ని ఆపేది కళాయి, అంటే తగరం పూత. గంజును తోమి, కాచి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో పలుచగా పూస్తారు. వేడి తగ్గితే తగరం అంటదు, మించితే పాడవుతుంది. ఆ అదను కంటితో పట్టడమే కళాయి పనివాడి నేర్పు.

స్టీలుకు ఈ తంటా లేదు కదా అనొచ్చు. నిజమే, చారుకు స్టీలు చాలు. పప్పు, పాయసం లాంటి చిక్కటి వంటలే అడుగంటుతాయి, మందపాటి ఇత్తడి విలువ అక్కడ తెలుస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కదా అనీ అనొచ్చు. నీళ్లతో ఉడికే వంట 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లు లేకపోతే ఆ హద్దు ఉండదు, కాబట్టి ఖాళీ గంజును పొయ్యిమీద పెట్టకూడదు, వేపుళ్లకు వాడకూడదు. చెక్క గరిటె వాడాలి, ఇనుప పీచు ముట్టించకూడదు. తగరంలో సీసం కలిస్తే ఆరోగ్యానికే ముప్పు, అందుకే చౌక చూడక నమ్మకమైన పనివాడినే వెతకాలి. లోపల పసుపు రంగు తేలితే మళ్లీ పూయించాలి. కొత్త గిన్నె కొనడంకన్నా ఉన్నదాన్ని నిలబెట్టే పనికి కూలి ఇవ్వడమే లాభం.