అరకు గింజ, యాలకుల వాసన

పారిస్‌లో 2017లోనే అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గింజ పండే కొండలకు దగ్గర్లో ఉన్న పెద్ద మార్కెట్టు విశాఖపట్నం. ఇక్కడ ఓ చిన్న గదిలో కాఫీ గింజలు వేయించి అమ్ముకునేవారిని ఇవాళ్టి కుర్రకారు వెనీలా ఉందా, హేజల్‌నట్ ఉందా అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. అరబ్బు దేశాల్లో యాలకులు వేసి కాచే కాఫీని యునెస్కో 2015లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. జలుబు చేస్తే శొంఠి కాఫీ పెట్టుకోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే.

నా పట్టింపు ఒక్కటే. సువాసన మంచి గింజకు తోడు కావాలి గానీ, చెడ్డ గింజకు ముసుగు కాకూడదు. పాతబడ్డ సరుకు మీద ఘాటైన ఎసెన్సు పోసి అమ్మేస్తే, కొన్నవాళ్లు మన కొండ కాఫీ రుచి ఎలా ఉంటుందో ఎప్పటికీ తెలుసుకోలేరు. పండించిన గిరిజన రైతుకు అంతకంటే అన్యాయం ఉండదు.

అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఈ పంట పండుతుంది. చల్లదనానికీ నీడకీ కాయ నిదానంగా పండి రుచి పట్టుకుంటుంది. ఎర్రగా పండినవే ఏరి, ఆ రోజే తొక్క తీసి, నానబెట్టి, జిగురు పోయేలా కడిగి, నేలకు తగలకుండా ఆరబెట్టాలి. మట్టి మీద ఆరేసిన గింజకు మట్టి వాసన అంటితే ఏ వెనీలా దాన్ని దాచలేదు. విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ రైతుల దగ్గర కాఫీ కొంటుంది. ఎవరి దగ్గర కొన్నా, ముందు కాస్త వేయించి ఉత్త డికాక్షన్ తాగి చూడాలి. అదే బాగా లేకపోతే ఆ బస్తా వద్దు.

పచ్చి గింజలో పది, పన్నెండు శాతం తేమ ఉంటుంది. వేయించేటప్పుడు వేడి 200 డిగ్రీలకు చేరువవుతుండగా గింజలు చిటపటమంటాయి. ఆ తర్వాత ప్రతి అరనిమిషం లెక్కే. బాగా నల్లగా మాడ్చితే అరకు గింజలోని సన్నటి పులుపు, పండు వాసన పోయి చేదు మిగులుతుంది. సుగంధం కలపడానికి మధ్యస్థంగా వేగినదే మేలు. కిలో పచ్చి గింజలు వేగాక సుమారు 850 గ్రాములే ఉంటాయి. ధర కట్టేటప్పుడు ఈ తరుగు మరిచిపోతే లాభం అక్కడే పోతుంది.

ఫ్లేవర్ నూనెలు తిండికి వాడేవే అయి ఉండాలి. కిలో గింజలకు 20, 30 గ్రాములు చాలు. గింజలు చల్లారాక, వేరే డ్రమ్ములో తిప్పుతూ కొద్దికొద్దిగా పోసి రాత్రంతా మూసి ఉంచాలి. వేయించే డ్రమ్ములో మాత్రం పోయకూడదు, ఆ వాసన తర్వాతి వాయిలన్నిటికీ అంటుకుంటుంది. మరపట్టే యంత్రమూ వేరుగా ఉండాల్సిందే.

నాకు మాత్రం మసాలా దినుసుల దారే ఇష్టం. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ మానులను అల్లుకునే మిరియాల తీగలు, మన్యంలో పండే అల్లం ఉండగా దూరదేశపు వాసనల కోసం వెతకడం ఎందుకు? యాలకులను విడిగా పొడి మూకుడులో గోరువెచ్చగా చేసి, చిదిపి, వేయించిన గింజలతో డబ్బాలో రెండు మూడు రోజులు మూత బిగించి ఉంచితే చాలు. కాఫీ గింజ ఇతర వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. కిలోకు 15 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచుకోవచ్చు. మిరియం తక్కువగా పడాలి. శొంఠిని మెత్తటి పొడి చేస్తే ఫిల్టరు రంధ్రాలు మూసుకుపోతాయి, కాఫీ అంత బరకగానే ఉండాలి. దినుసుల్లో తడి ఉంటే బూజే.

చికోరీ సంగతి వేరు. అది కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద వేయాలని నిబంధన. సువాసన విషయంలోనూ అమ్మేవారు అంతే నిజాయితీగా ఉండాలి: యాలకులా, ఎసెన్సా, స్పష్టంగా రాయాలి.

విశాఖలో ఇంకో చిక్కు సముద్రపు గాలి. వేయించిన గింజ తేమను తొందరగా లాగేస్తుంది. అందుకే లోపలి గ్యాసు బయటికి పోయి, బయటి గాలి లోపలికి రాని వాల్వు సంచుల్లో, నెలలోపు అయిపోయే చిన్న పరిమాణాల్లో, వేయించిన తేదీ వేసి అమ్మాలి. దుకాణానికి వచ్చినవారికి యాలకుల కాఫీతో పాటు అదే గింజతో తీసిన ఉత్త డికాక్షన్ కూడా ఓ గుక్కెడు రుచి చూపించాలి, అదీ ముందుగా.