పేక కలిపాక లెక్క ఉండదు

భద్రాచలం నుంచి ఖమ్మం వస్తున్న బస్సులో ఇద్దరు కుర్రాళ్లు ‘లోపలా బయటా’ పేకాట గురించి వాదించుకుంటున్నారు. ‘వరసగా ఏడుసార్లు లోపలే పడింది, ఇక బయట పడక తప్పదు’ అంటాడొకడు. ఒళ్లు మండింది. ఆటాటకీ పేక కలిపేస్తుంటే వెనకటి ఏడు ఆటలు ఏ లెక్కలోకీ రావు. మొదటి ముక్క ఎటు వేస్తే అటు పడే అవకాశం నూటికి 51.5. ఎనిమిదో ఆటకైనా అంతే. సంభావ్యత పాఠం పిల్లల చేతికి పేక ఇచ్చి చెప్పండని నేనెప్పటి నుంచో పోరేది ఇందుకే.

కలపకుండా పంచితే మాత్రం పేకకు జ్ఞాపకం ఉంటుంది. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల అధ్యాపకుడు ‘బీట్ ద డీలర్’లో చూపించింది అదే. బ్లాక్‌జాక్‌లో చిన్న ముక్కలు ముందే వెళ్లిపోతే మిగిలినవాటిలో పదులూ ఆసులూ ఎక్కువవుతాయి, అప్పుడు పందెం పెంచాలి. కాసినోలు పేకల సంఖ్య పెంచాయి, మధ్యలోనే కలపడం మొదలుపెట్టాయి.

మన రమ్మీలో ఆ జ్ఞాపకం ఒక్క ఆట వరకే. కానీ ఆ ఒక్క ఆటలో ఎంత పనో! కొత్తగూడెంలో సింగరేణి క్వార్టర్ల అరుగు మీద మా మేనమామ రెండు పేకల ఆట ఆడుతుంటే వెనక కూర్చుని చూసేవాణ్ణి. కింద పడ్డ ప్రతి ముక్కా ఆయనకు గుర్తే. ‘ఇస్పేటు ఎనిమిదులు రెండూ పోయాయిరా అల్లుడూ, జోకరు లేనివాడు ఏడూ తొమ్మిదీ పట్టుకుని ఏం చేస్తాడు?’ అనేవాడు. ఏడూ ఎనిమిదీ ఉంటే ఆరుకైనా తొమ్మిదికైనా చూడొచ్చు, నాలుగు ముక్కల ఆశ. ఏడూ తొమ్మిదికి రెండే. బడి మెట్లెక్కని మనిషి నాకు నేర్పిన మొదటి సంభావ్యత ఇది.

అందుకే సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పంటే నాకు గౌరవం. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి గనక రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని అది చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ మాట చెప్పి అక్కడే ఆగేవి. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే నేరమవుతుందనీ అదే తీర్పులో ఉంది. ప్రతి ఆటలోనూ కంపెనీ తన కమిషన్ కోసుకునేది. సమవుజ్జీలు రాత్రంతా ఆడితే గెలుపోటములు చేతులు మారతాయి, కమిషన్ మాత్రం వెనక్కి రాదు. మా మామంతటివాడికీ ఆ తరుగు తప్పదు.

రమ్మీ నైపుణ్యమే. అయినా 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ నిషేధించడం సరైన పనే.