రాలిపోయిన సున్నలు

నేను రాసిన ఒక విమర్శని వెనక్కి తీసుకుంటున్నాను. కారణం ఒక సున్న.

రెండేళ్ళ కిందట ఒక రచయిత్రి కథల మీద వ్యాసం రాశాను. 1990ల చివర్లో చిన్న చిన్న పత్రికల్లో వచ్చిన కథలవి. ఆవిడ ఇప్పుడు లేరు, పుస్తకం ఎక్కడా దొరకదు. వాళ్ళమ్మాయి, అమ్మ బీరువాలో చీరల కింద కనిపించిందంటూ ఒక సీడీ పంపించింది. తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. మీలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది.

అప్పట్లో డీటీపీ సెంటర్లలో వాడిన తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళల్లో అద్దెకున్నవే. కంప్యూటర్ లెక్కలో అక్కడున్నది ఏ ‘బి’నో ‘కె’నో. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది మనకి తెలుగులా కనిపిస్తుంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి సొంత చోటు దొరికినా, మన అచ్చు పని మాత్రం ఆ అద్దె ఇళ్ళల్లోనే చాలా ఏళ్ళు సాగింది. పైగా తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఏ ముక్క ఏ మీట కింద ఉందో డీటీపీ చేసే అమ్మాయిల వేళ్ళకే తెలుసు. పేజీకింతని కూలి తీసుకుని మన సాహిత్యం మొత్తాన్ని టైపు చేసింది వాళ్ళు. ముఖచిత్రం వేసినవాళ్ళ పేరు పుస్తకంలో ఉంటుంది, వీళ్ళ పేరు ఉండదు. నా పుస్తకంలోనూ లేదు.

సరే, ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము ఒకటి సంపాదించి కథలన్నీ అందులో వేశాను. నిమిషంలో తెలుగు వచ్చింది. ఆ సంతోషంలో తప్పులు దిద్దుకుంటూ కూర్చున్నాను. ‘ప్రాంతం’ ‘ప్రాతం’ అయింది, ‘కాంతమ్మ’ ‘కాతమ్మ’ అయింది. కంటపడినవన్నీ సరిచేశాను.

వాటిలో ఒక కథ మిరపకోతల కూలీలది. కోతలయ్యాక డబ్బుల కోసం ఆసామి అరుగు ముందు రాత్రిదాకా కూర్చోవడం, అడగడం, తిట్లు తినడం, లేవకపోవడం. అంతే కథ. చెప్పేది ఎవరో ఎక్కడా ‘నేను’ అనీ ఉండదు, ‘మేము’ అనీ ఉండదు. తెలుగులో ఆ అవసరం లేదు కదా, క్రియే చెప్పేస్తుంది. నా ఫైల్లో క్రియలన్నీ ‘కూర్చున్నా’, ‘అడిగా’, ‘లేవకుండా ఉన్నా’ అని ఉన్నాయి. నేను పొంగిపోయాను. ఉద్యమ కథల సామూహిక స్వరం నుంచి ఒంటరి స్త్రీ స్వరానికి ఈ రచయిత్రి నడిచి వచ్చిందని ఆరు పేజీలు రాశాను. ఇద్దరు పరిశోధక విద్యార్థినులు ఆ మాటని తమ సిద్ధాంత వ్యాసాల్లో వాడుకున్నారు కూడా.

ఈ వేసవిలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఆ పాత సంచిక కనిపించింది. అచ్చులో ఉన్నది ‘కూర్చున్నాం’, ‘అడిగాం’, ‘లేవకుండా ఉన్నాం’.

ఆ ఫాంటులో సున్నకి రెండు రూపాలున్నాయట. దీర్ఘం పక్కన వచ్చేదానికి ఈ ప్రోగ్రాము పట్టికలో జోడీ లేదు. జోడీ లేనిదాన్ని అది చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ‘కాతమ్మ’ని నేను పట్టుకున్నది అది తెలుగు కాదు కాబట్టి. ‘అడిగా’ తెలుగే. అందుకే నా పెన్సిల్ అక్కడ ఆగలేదు. అరుగు ముందు కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్ళలో పదిమంది నా తెర మీంచి లేచి వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కతెని చూసి నేను ‘అస్తిత్వ వేదన’ అన్నాను.

తప్పంతా యంత్రం మీదకి తోసేయడం తేలికే. కానీ కథలో పదకొండు కొడవళ్ళు గోడవారన పెట్టిన సంగతి ఉంది. నా ఫైల్లోనూ ఉంది. దాన్ని నేను చదివి ప్రతీక అనుకున్నాను! ఒంటరి స్త్రీ కోసం నా దగ్గర సిద్ధాంతం అప్పటికే తయారుగా ఉంది, యంత్రం ఆమెని తెచ్చి ముందు నిలబెట్టింది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక కనిపించని గుర్తుతో కలిపి పంపితే ఆపిల్ ఫోన్లలో మెసేజీలు కుప్పకూలాయి. వార్తల్లో అదేదో తెలుగు చేసిన దుర్మార్గంలా వచ్చింది. జ్ఞానం, జ్ఞాపకం, ఆజ్ఞ... ఆ అక్షరం లేకుండా మనం ఏం రాస్తాం? ఆ నెలలోనే సరిచేశారు. ఫోన్ ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. కథలో సున్న రాలితే ఏదీ ఆగదు. ప్రోగ్రాము ‘పూర్తయింది’ అని కూడా చెప్పింది, ఆకుపచ్చ రంగులో.

ఇప్పుడు ఆ అమ్మాయీ నేనూ ఆదివారాలు ఫోన్‌లో కూర్చుంటున్నాం. తను అచ్చు ప్రతి పైకి చదువుతుంది, నేను ఫైల్లో దిద్దుతాను. ఒక్కో కథకి రెండు గంటలు. మొన్న మధ్యలో ఆగి, “ఆంటీ, అమ్మ ఇక్కడ నిజంగానే ‘వెళ్ళా’ అని రాసింది, సున్న పెట్టకండి” అంది. నేను అప్పటికే పెట్టేశాను. తీసేశాను.

పద్నాలుగు కథల్లో ఐదు అయ్యాయి. మూడింటికి అచ్చు ప్రతులు ఇంకా దొరకలేదు. 1997, 98 నాటి చిన్న పత్రికలు మీ అటకల మీద ఉంటే, అమ్మేసేముందు ఒక్క ఉత్తరం ముక్క రాయండి.