అప్పగింతల దాకా ఆగని డిస్క్

పెళ్లి డీవీడీ ఎక్కడైనా ఆగిందంటే చాలావరకు అప్పగింతల దగ్గరే ఆగుతుంది. అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటారు. సరిగ్గా అప్పుడే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, మాటలు మధ్యలో తెగిపోతాయి, ప్లేయర్ మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. కారణం డిస్క్ రాసే తీరులోనే ఉంది. డీవీడీ మీద రాత నడిమి కన్నం దగ్గర మొదలై చుట్లు చుట్టుకుంటూ అంచు వైపు సాగుతుంది. స్నాతకం, కాశీయాత్ర లోపలి చుట్లలో పడితే అప్పగింతలు అంచుకు చేరతాయి. డిస్క్ కాస్త వంగినా ఆ వంపు ఎక్కువగా తెలిసేది అంచునే. చవక డిస్కుల్లో పూత సమంగా లేనిదీ అక్కడే. పట్టుకునేవాళ్ల వేళ్లు తగిలేదీ అక్కడే.

ఈ సంగతి తెలిసిన పనివాడు 4.7 జీబీ డిస్క్‌ను 4.3 జీబీ దగ్గరే ముగిస్తాడు. అంచున సన్నటి పట్టీ ఒకటి ఖాళీగా వదిలేస్తాడు. 16 రెట్ల వేగంతో రాయగల డిస్క్‌ను 8 రెట్ల వేగంతోనే రాస్తాడు. వధూవరుల ఫోటోతో కాగితం లేబుల్ అతికించమని ఇంటివాళ్లు అడిగినా ఒప్పుకోడు. కాగితం ఏమాత్రం పక్కకు జరిగినా ఆ బరువుకు తిరిగే డిస్క్ ఊగుతుంది. డిస్క్‌ను వెనక్కి తిప్పి వెలుతురులో చూస్తే రాసిన భాగం ఒక ఛాయలో, రాయని పట్టీ మరో ఛాయలో కంటికే కనిపిస్తాయి. ఎవరి పెళ్లి డిస్క్ చేతికి వచ్చినా నేను ముందు చూసేది ఆ పట్టీనే.

ఇంటి సినిమాను డిస్క్‌గా మార్చే పనిలో నాకు గౌరవం కలిగించేది ఈ ముందుచూపు. తాను ఎన్నడూ చూడని ప్లేయర్ కోసం, తాను అడుగుపెట్టని గదిలోని పాత టీవీ కోసం అతను పని చేస్తాడు. పైగా ఈ పనిలో తప్పు పుట్టేది ఒకచోట, బయటపడేది ఇంకోచోట. క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగిన తప్పు డిస్క్ ఆడేటప్పుడు గానీ తెలియదు. తెలిసినప్పుడు అందరూ తిట్టేది డిస్క్‌నే. ఆ తప్పు ఏ మెట్టు మీద పుట్టిందో పట్టుకోవడంలోనే అతని విద్య అంతా ఉంది.

2000 తర్వాతి పదేళ్లూ మన పట్టణాల్లో మిక్సింగ్ స్టూడియోలకు మంచి కాలం. పెళ్లిని మినీ డీవీ క్యాసెట్ల మీద తీసేవారు. ఒక్కో క్యాసెట్ 60 నిమిషాలు, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఒక్కోటి 13 జీబీ. ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మిక్సింగ్, పాటలు, టైటిళ్లు, చివరికి డీవీడీ. అంతకుముందు వీసీడీ ఉండేది. బొమ్మ 352×288 చుక్కలు, డిస్క్‌కు 74 నిమిషాలు. డీవీడీలో బొమ్మ 720×576. వెడల్పు, ఎత్తు రెండూ రెట్టింపు కాబట్టి నాలుగింతల పైచిలుకు చుక్కలు. జనం ఆ మెరుగు చూసి సంతోషించారు. పనివాడికి మాత్రం అప్పటి నుంచే లెక్కల బాధ్యత మొదలైంది.

ఆ లెక్క చూడండి. పెళ్లి మూడు గంటలు, అంటే 10,800 సెకన్లు. 4.3 జీబీని ఈ సెకన్లకు పంచితే సెకనుకు దాదాపు 3.2 మెగాబిట్లు వస్తాయి. బొమ్మ, ధ్వని రెండూ అందులోనే సర్దుకోవాలి. ధ్వనిని పీసీఎంగా, అంటే కుదించకుండా పెడితే సెకనుకు 1.536 మెగాబిట్లు మింగేస్తుంది. మూడు గంటలకు అది 2 జీబీ దాటుతుంది. డిస్క్‌లో సగం దాకా మేళతాళాలకే పోతే బొమ్మకు మిగిలేది 1.65 మెగాబిట్లు. అదే ధ్వనిని ఏసీ-3గా 192 కిలోబిట్లకు కుదిస్తే బొమ్మకు 3 మెగాబిట్లు మిగులుతాయి. బొమ్మ మసకగా ఉందని కెమెరామ్యాన్‌ను తప్పుపట్టిన ఇళ్లలో అసలు దోషం చాలాసార్లు ఈ ధ్వని సెట్టింగ్‌దే.

ఉన్న 3 మెగాబిట్లనైనా ఎలా పంచాలన్నది మరో ప్రశ్న. పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి ధారాళంగా వడ్డించి ఆఖరి బంతికి గిన్నెలు గీకే వంటవాడు ఉంటాడు, ముందు తలలు లెక్కపెట్టుకుని వడ్డన మొదలుపెట్టే వంటవాడూ ఉంటాడు. రెండు విడతల ఎన్‌కోడింగ్ రెండోవాడి పద్ధతి. మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ ఏమీ రాయదు, మూడు గంటల బొమ్మనూ చూసి ఎక్కడ ఎంత కావాలో గుర్తు పెట్టుకుంటుంది. రెండో విడతలో పంచుతుంది. పంతులుగారు కదలకుండా కూర్చుని మంత్రాలు చదివే పది నిమిషాలకు పెద్దగా అక్కర్లేదు. డీవీడీ వాడే కుదింపు పద్ధతి ఎంపెగ్-2 బొమ్మను 16×16 చుక్కల గళ్లుగా కోసి, అప్పుడప్పుడూ రాసే పూర్తి ఫ్రేముల మధ్య ఏ గడి ఏ వైపు జరిగిందో, ఏం మారిందో మాత్రమే రాసుకుంటుంది. ఏదీ జరగకపోతే రాయడానికీ పెద్దగా ఏమీ ఉండదు.

తలంబ్రాలు వచ్చేసరికి ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది. వందలాది గింజలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఎగురుతుంటే ఏ గడీ పాత గడిని పోలదు. దానికి తోడు ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఒక్క ఫ్లాష్‌కు తెర మొత్తం వెలుతురు మారిపోయి అంతవరకు వేసిన అంచనాలన్నీ దండగవుతాయి. ఎంపెగ్-2 ఎన్‌కోడర్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష మామూలు ఇళ్లలో జరిగే వేడుకల్లో నేను చూడలేదు. అందుకే మంచి డిస్కో కాదో తేల్చుకోవాలంటే నేను నేరుగా తలంబ్రాలకు వెళ్తాను. గింజలు గింజలుగా, పెళ్లికూతురి పట్టుచీర జరీ జరీగా కనిపించాయంటే పనివాడు పొదుపు తెలిసినవాడు. డీవీడీ నియమం ప్రకారం బొమ్మకు సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా ఇవ్వవచ్చు. అయినా అతను పై హద్దును 8 దగ్గరే కట్టేస్తాడు. బర్న్ చేసిన డిస్క్‌ను చదవడానికి పాత ప్లేయర్లు ఆయాసపడతాయని అతనికి తెలుసు.

ధ్వనిలో మరో చిక్కుంది. గట్టిమేళం మోగాల్సిన చోట ధ్వని అణిగిపోతుంది, ఆ తర్వాత మెల్లగా పైకి లేస్తుంది. మైకు బాగాలేదని అనుకుంటాం. కానీ ఏసీ-3 ఎన్‌కోడర్‌లో సినిమాల కోసం పెట్టిన ధ్వని హెచ్చుతగ్గుల కుదింపు ఒకటుంది. పెద్ద ధ్వనులను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది. సంభాషణల స్థాయిని చెప్పే అంకె, డయల్‌నార్మ్, చాలా సాఫ్ట్‌వేర్లలో -27 దగ్గర ఉంటుంది. కుదింపును తీసేసి ఆ అంకెను -31 చేస్తే నాదస్వరం, డోలు ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తాయి. రెండు సెట్టింగులు మారిస్తే ముహూర్తం వేళ మేళానికి ప్రాణం వస్తుంది.

మాటకూ పెదవికీ పొత్తు కుదరకపోతే పనివాడు ముందు అడిగేది ఒకటే: తేడా ఎలా ఉంది? మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే, బొమ్మనూ ధ్వనినీ జతచేసిన చోట తప్పు జరిగింది. పోనుపోను పెరుగుతుంటే వేగాల్లో తేడా ఉంది. ఫోన్‌తో తీసిన క్లిప్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే ఫోన్ సెకనుకు ఇన్ని ఫ్రేములన్న మాటకు కట్టుబడదు. ఒకచోట ఉన్నట్టుండి తప్పి అక్కడి నుంచి అలాగే సాగితే, క్యాసెట్ ఎక్కించేటప్పుడు అక్కడ ఫ్రేములు రాలిపోయాయి. 25 ఫ్రేములు రాలితే ఒక సెకను పోయినట్టే. వైద్యుడు నాడి చూసినంత సేపట్లో రోగం ఏ మెట్టుదో తేలిపోతుంది. ఆ ప్రశ్న అడగకుండా ధ్వనిని ముందుకూ వెనక్కూ జరిపేవాళ్లు రాత్రంతా జరుపుతూనే ఉంటారు.

ఫీల్డ్ ఆర్డర్ దోషం మరీ మాయదారిది. మన పాల్ పద్ధతి టీవీ 576 గీతల ఫ్రేమును రెండు సగాలుగా, సెకనుకు 50 సగాలుగా చూపిస్తుంది. మినీ డీవీ కెమెరా కింది సగాన్ని ముందు ఇస్తుంది, హెచ్‌డీవీ కెమెరా పై సగాన్ని ముందు ఇస్తుంది. ఒకే పెళ్లిని రెండు రకాల కెమెరాలతో తీసి, సెట్టింగ్ సరిచూడకుండా కలిపితే ఆ సగాలు తారుమారవుతాయి. మంటపంలో నిలబడ్డవాళ్లు బాగానే ఉంటారు. ఎదురుకోలులో నడిచి వచ్చేవాళ్లు మాత్రం రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వేస్తున్నట్టు వణుకుతారు. కంప్యూటర్ తెర మీద ఇది చాలాసార్లు కనిపించదు కూడా. అందుకే పెద్ద పెద్ద మానిటర్ల పక్కన ఒక పాత పిక్చర్‌ట్యూబ్ టీవీని ఉంచుకునే స్టూడియోను నేను ఎక్కువ నమ్ముతాను.

రెండర్, అంటే మిక్సింగ్‌ను ఫైలుగా తీసే పని, మధ్యలో ఆగిపోవడం గురించి ఎవరిని కదిపినా కొత్త కంప్యూటర్ కొనాలంటారు. నిదానంగా చూస్తే దాదాపు ప్రతిసారీ అది ఆగేది ఒకే శాతం దగ్గర. అంటే టైమ్‌లైన్‌లో ఒకే చోటు. ఆ చోటు ఏదో తెలియకపోతే టైమ్‌లైన్‌ను సగానికి విడగొట్టి ఒక్కో సగాన్ని రెండర్ చేయాలి, ఆగిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే దోషి ఎదుటికి వస్తుంది. ఎక్కువసార్లు అది ఫోటోల స్లైడ్‌షోనే. 4000×3000 చుక్కల ఫోటో మెమరీలో విప్పుకుంటే 48 ఎంబీ. వంద ఫోటోలు పెడితే 4.8 జీబీ, పాత 32 బిట్ల సాఫ్ట్‌వేర్‌కు మామూలుగా దక్కేది 2 జీబీ. తెర 720 చుక్కల వెడల్పే అయినప్పుడు ఫోటోలను ముందే చిన్నవి చేసుకుంటే చాలు. అలాగే క్యాసెట్ ఎక్కించడం ప్రతిసారీ 20 నిమిషాలు నిండకముందే ఆగుతోందంటే కెమెరానూ కేబుల్‌నూ అనుమానించనక్కర్లేదు. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు.

నాకు నచ్చే పనివాళ్లందరిలో ఒక అలవాటు చూశాను. పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ విడిగా పరీక్షిస్తారు. మిక్సింగ్ పూర్తయ్యాక నేరుగా డిస్క్‌కు రాయరు. ముందు పెద్ద ఫైలుగా తీస్తారు, దాన్ని చూస్తారు. దాని నుంచి ఎంపెగ్ చేస్తారు. ఆథరింగ్, అంటే మెనూలూ చాప్టర్లూ కూర్చే పని, చేసి హార్డ్‌డిస్క్ మీదే డీవీడీ ఫోల్డర్ తయారుచేస్తారు, అక్కడే ఆడించి చూస్తారు. అక్కడ కూడా తడబడితే డిస్క్‌కు ఏ పాపమూ తెలియదు. అక్కడ బాగుండి డిస్క్ మీద మాత్రమే తడబడితే, అప్పుడు డిస్క్ కంపెనీనీ రాసిన వేగాన్నీ అనుమానించాలి.

ఆథరింగ్‌లో చేతిపని ఇంకా సున్నితం. మెనూ బటన్ వెలిగే పొరకు డీవీడీలో దక్కేవి నాలుగు రంగులే. మెత్తటి నీడలతో గీసిన బటన్ అక్కడికి వచ్చేసరికి రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఇది ఎరిగినవాడు బటన్ కింద లావుపాటి గీత ఒక్కటే పెడతాడు. తెలుగు అక్షరాలకు సన్నటి ఫాంటు వాడడు, ఒక చుక్క మందం గీతలు టీవీ మీద మినుకుమినుకుమంటాయి, ఒత్తులు ఆనవు. పాత టీవీల్లో అంచులు తెర వెనక్కి పోతాయి కాబట్టి రాతను నడిమి 80 శాతంలోనే ఉంచుతాడు. చాప్టర్ గుర్తులను ఎన్‌కోడ్‌కు ముందే పెడతాడు. తర్వాత పెడితే గుర్తు పూర్తి ఫ్రేము ఉన్న చోటికి జరుగుతుంది, పాల్‌లో ఆ జరుగుడు అర సెకను దాకా ఉండవచ్చు. మూడు ముళ్ల చాప్టర్ నొక్కితే మొదటి ముడి సగంలో కనిపించడం ఈ జరుగుడు పనే. డీవీడీ ప్లేయర్‌లో సంఖ్యలు గుర్తుపెట్టుకునే అరలు 16 ఉంటాయి. మంచి డిస్క్ వాటిలో ఒకదాన్ని వాడుకుని, సప్తపది చూసి మెనూకు తిరిగి వచ్చినవాళ్లకు తర్వాతి బటన్‌ను వెలిగించి ఉంచుతుంది. ఆ చిన్న మర్యాద గమనించినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

డిస్క్‌లో దారి చూపే సమాచారం ప్రధానంగా ఐఎఫ్‌ఓ ఫైళ్లలో ఉంటుంది. అవి పాడైతే పనికొస్తుందని ప్రతిదానికీ బీయూపీ పేరుతో నకలు ఉంటుంది. డీవీడీ 2048 బైట్ల సెక్టార్లను 16 చొప్పున కట్టగట్టి, ఆ 32 కేబీ కట్ట మొత్తానికి కలిపి దోష సవరణ లెక్కలు రాస్తుంది. చిన్న ఐఎఫ్‌ఓ, దాని నకలు పక్కపక్కనే ఒకే కట్టలో పడ్డాయనుకోండి. ఒక్క గీతకు ఆ కట్ట పోతే అసలూ నకలూ కలిసే పోతాయి. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటి మధ్యా 32 కేబీ ఎడం ఉంచే ఏర్పాటు ఉంది. ఎవరూ అడగని, ఎవరికీ కనిపించని ఆ ఎడం గురించి ఆలోచించిన మనిషికి నేను నమస్కారం పెడతాను.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపే డిస్క్ వేరు. మన ప్లేయర్లు మన పాల్, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడేవి. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ పడేది కాదు. ఇంట్లో చేసిన డిస్క్‌కు రీజియన్ తాళం ఉండదు, అయినా ఆడదు. అందుకని 480 గీతలతో, సెకనుకు 29.97 ఫ్రేములతో రెండో డిస్క్ చేయాలి. ఉన్న ఫ్రేముల్లో కొన్నింటిని రెండుసార్లు చూపించి లెక్క సరిపెడితే నడకలన్నీ గతుకులవుతాయి. మధ్య ఫ్రేములను కదలికను బట్టి లెక్కకట్టి పుట్టించడానికి ఒక రాత్రంతా పట్టేది. పట్టినా చేసినవాళ్లున్నారు.

ఇప్పుడు ఆ డిస్కులు బీరువాల్లో ఉన్నాయి, ప్లేయర్లు మాయమయ్యాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేవాళ్లు పెద్దగా కనిపించే వీఓబీ ఫైళ్లను మాత్రం కాపీ చేసుకుని సరిపెట్టుకుంటున్నారు. ఆ ఫైళ్లు 1 జీబీ నిండగానే తెగుతాయి, ఘట్టం ముగిసిందా లేదా అని చూడవు. మెనూలకూ చాప్టర్లకూ దారి చూపేది ఐఎఫ్‌ఓలే కాబట్టి మొత్తం డిస్క్‌ను ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకోవాలి. చదవలేని చోట్లు తగిలితే డీడీరెస్క్యూ వంటి సాఫ్ట్‌వేర్ వాటి గుర్తులను ఒక ఫైలులో రాసుకుని ముందుకు సాగుతుంది. ఆ గుర్తుల ఫైలును ఉంచుకుని అదే డిస్క్‌ను వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి మళ్లీ నడపండి, మొదటి డ్రైవ్ వదిలేసిన సెక్టార్లలో చాలావాటిని రెండోది చదివే అవకాశం ఉంది.