ఊదారంగు వలయం

టెస్ట్‌ట్యూబులో ఐదు మిల్లీలీటర్ల మూత్రం. అందులో అమ్మోనియం సల్ఫేట్ పొడి వేసి బాగా ఊపాలి. కరిగేదంతా కరిగి, ఇక కరగలేక కొంచెం అడుగున నిలిచేదాకా వేస్తూనే ఉండాలి. తర్వాత, అప్పటికప్పుడు కలుపుకున్న సోడియం నైట్రోప్రస్సైడ్ రెండు మూడు చుక్కలు. ఇక ట్యూబును కాస్త వంచి, గోడ వెంబడి ఘాటైన అమ్మోనియాను మెల్లగా జారవిడవాలి. కింది ద్రవంతో కలిసిపోకూడదు, మీద తేలాలి. రెండూ ఆనుకున్న చోట ఊదారంగు వలయం కట్టిందంటే ఆ మూత్రంలో కీటోన్లు ఉన్నట్టు.

ఇది రోథెరా పరీక్ష. 1960లో మొదలైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలే కాదు, దేశంలో ఎక్కడ ఎంబీబీఎస్ చదివినా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఈ వలయం చేతికి వచ్చి తీరాలి. అదే ఊళ్లో 1955 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాలలోనూ అంతే. అక్కడ ట్యూబులో ఉండేది ఆవు మూత్రం, లేకపోతే ఆవు పాలు. శరీరం కీటోసిస్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి ఇవాళ మూత్రంలో ముంచే చీటీలున్నాయి, రక్తపు చుక్కతో చెప్పే మీటర్లున్నాయి, ఊపిరి ఊదితే చెప్పే యంత్రాలున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినా నా మనసు ఈ పాత వలయం దగ్గరే ఆగుతుంది. ఇందులో అనవసరమైన పదార్థం ఒక్కటీ లేదు. ఏ పదార్థాన్ని ఎందుకు వేశారో, దానికంటే ముందు ఇంకొకటి ఎందుకు పడాలో అడిగితే ప్రతిదానికీ జవాబుంది.

ముందు కీటోన్ల సంగతి. ఒంట్లో గ్లూకోజు చాలకపోతే, లేదా ఉన్న గ్లూకోజు కణాల్లోకి వెళ్లడానికి ఇన్సులిన్ లేకపోతే, శరీరం కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వు ఆమ్లాలను కాలేయం ఎసిటోఎసిటేట్‌గా మారుస్తుంది. అందులో చాలా భాగం బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అవుతుంది. డాక్టర్లు దాన్ని బీహెచ్‌బీ అంటారు. కొంచెం భాగం తనంతట తానే విరిగి ఎసిటోన్‌గా మారి, ఊపిరితో బయటికి పోతుంది. ఈ మూడూ కీటోన్లు. ఒంట్లో ఇవి పెరగడమే కీటోసిస్. ఇది రోగమే కానక్కర్లేదు. రాత్రి భోజనం మానేసి, తెల్లవారుజామున ఏమీ తినకుండా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన భక్తుడి ఒంట్లోనూ కీటోన్లు కొద్దిగా పెరుగుతాయి. ఉపవాసంలో మెదడు కూడా వీటినే ఇంధనంగా వాడుకుంటుందని 1967లో ఓవెన్, కాహిల్ బృందం తేల్చింది. అంతకు చాలా ముందే, 1921లో, మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ మూర్ఛ రోగులకు కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉండే ఆహారాన్ని సూచించి దానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు.

పరీక్షల కథ ఇంకా పాతది. మధుమేహ రోగి మూత్రంలో ఎసిటోన్ ఉందని 1857లో ప్రాగ్‌లో పెటర్స్ గుర్తించాడు. 1865లో గెర్‌హార్ట్ ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష వచ్చింది. ఎసిటోఎసిటేట్ ఉంటే ద్రాక్షసారా రంగు తేలుతుంది. కానీ ఆస్పిరిన్ జాతి మందులు వేసుకున్నవాళ్ల మూత్రమూ అదే రంగు చూపుతుంది. రెంటినీ వేరు చేయాలంటే మూత్రాన్ని ముందు మరిగించాలి. మరిగిస్తే ఎసిటోఎసిటేట్ విరిగి పోతుంది, మందు పోదు. ఉపాయం బాగున్నా ఇది ఒక పరీక్షను నమ్మడానికి చేసే ఇంకో పరీక్ష. 1883లో ఎమ్మో లెగల్ నైట్రోప్రస్సైడ్‌ను తెచ్చాడు. సోడియం హైడ్రాక్సైడ్ వంటి గట్టి క్షారంతో కలిపితే ఎసిటోన్‌కు ఎర్ర రంగు వస్తుంది. అయితే ప్రతి మనిషి మూత్రంలోనూ ఉండే క్రియాటినిన్‌కూ ఆ రంగే వస్తుంది! అందుకని చివర్లో ఎసిటిక్ ఆమ్లం పోయాలి. క్రియాటినిన్ ఎరుపు వెలిసి పసుపెక్కుతుంది, ఎసిటోన్ రంగు ఇంకా చిక్కబడుతుంది.

1908లో రోథెరా చేసిన పని ఇక్కడ చూడాలి. కేంబ్రిడ్జి నుంచి మెల్‌బోర్న్ వెళ్లి జీవరసాయనం బోధించిన ఈ ఆర్థర్ సిసిల్ హామెల్ రోథెరా 1915లో చిన్న వయసులోనే చనిపోయాడు. అతను లెగల్ పరీక్షకు కొత్త మెట్టు చేర్చలేదు, ఉన్న క్షారాన్ని మార్చాడు. గట్టి సోడియం హైడ్రాక్సైడ్ స్థానంలో మెత్తని అమ్మోనియా పెట్టాడు. అమ్మోనియాలో క్రియాటినిన్‌కు రంగు పట్టదు, కీటోనుకు పడుతుంది. దాంతో చివర్లో ఆమ్లం పోసి తేల్చుకునే పనే లేకుండా పోయింది. పైగా అమ్మోనియం లవణాన్ని చేర్చాడు. దాంతో ఇంకా తక్కువ కీటోను కూడా కనబడడం మొదలైంది. ఆ లవణం ఇంకో మేలూ చేస్తుంది. దాన్ని నింపేకొద్దీ కింది ద్రవం బరువెక్కుతుంది. అమ్మోనియా తేలిక కనుక పైన నిలుస్తుంది. చర్య రెండింటి సరిహద్దులోనే జరుగుతుంది. ట్యూబంతా పలచగా పరుచుకోవలసిన రంగు ఒక సన్నని గీత మీదికి చేరుతుంది. ఇంత కొంచెం రంగును కంటికి ఆనేట్టు చేయడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచదు. అదే అమ్మోనియాను తొందరపడి ఒక్కసారిగా పోస్తే పొరలు కలిసిపోతాయి, వలయం కట్టదు. అందుకే ప్రాక్టికల్స్‌లో ఈ చివరి మెట్టు దగ్గర డెమాన్‌స్ట్రేటర్ పక్కనే నిలబడి చెయ్యి చూస్తాడు.

నైట్రోప్రస్సైడ్ స్ఫటికాలు కెంపు రంగులో ఉంటాయి. నీళ్లలో కలిపి వెలుతురులో ఉంచితే పాడవుతుంది, అందుకే ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. రక్తపోటు ప్రాణాంతకంగా పెరిగినప్పుడు ఆస్పత్రుల్లో నరం ద్వారా ఎక్కించే మందూ ఇదే. ఆ సీసాకు వెలుతురు తగలకుండా కాగితమో రేకో చుట్టడం ఐసీయూలో పనిచేసే నర్సులకు తెలిసిన విషయమే. క్షారం తగిలినప్పుడు ఎసిటోఎసిటేట్ అణువులోంచి ఒక హైడ్రోజన్ ఊడుతుంది. ఆ ఖాళీ చోటు నైట్రోప్రస్సైడ్‌లోని నైట్రోసిల్ కొసను పట్టుకుంటుంది. ఊదారంగు ఆ పట్టులోంచి పుడుతుంది.

ఈ పట్టు దొరకాలంటే అణువులో కీటోన్ గుంపు ఉండాలి. బీహెచ్‌బీలో అది లేదు. దాని స్థానంలో హైడ్రాక్సిల్ ఉంది. పేరుకు మూడు కీటోన్లలో ఒకటి, తీరుకు కీటోనే కాదు. రోథెరా వలయం దాన్ని అసలు చూడదు. ఎసిటోన్‌ను చూస్తుంది గానీ ఎసిటోఎసిటేట్‌తో పోలిస్తే పదిహేను ఇరవై రెట్లు తక్కువగా. కాబట్టి వలయం చూపేది చాలావరకు ఎసిటోఎసిటేట్‌నే. మామూలుగా ఒంట్లో బీహెచ్‌బీ, ఎసిటోఎసిటేట్ దాదాపు సమానంగానో, మూడింతలు ఒకింతగానో ఉంటాయి. మధుమేహంలో కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లమయ్యే కీటోఎసిడోసిస్‌లో ఆ తేడా పదింతల దాకా పోవచ్చు. అంటే రోగం ముదిరినకొద్దీ ఈ పరీక్ష చూడలేని భాగమే పెరుగుతుంది. ఇన్సులిన్ ఎక్కించాక బీహెచ్‌బీ తిరిగి ఎసిటోఎసిటేట్‌గా మారుతుంది కనుక, రోగి కోలుకుంటున్న గంటల్లోనే మూత్రంలో రంగు ఇంకా చిక్కబడవచ్చు. ఇది తెలిసిన డాక్టరు రంగు చూసి కంగారు పడడు, రక్తంలో ఆమ్లం ఎంత తగ్గిందో చూస్తాడు. చేతి నైపుణ్యమంటే ట్యూబు వంచడమే కాదు, ఇది తెలియడం కూడా అని నేననుకుంటాను.

పాత చిత్తూరు జిల్లాలో ఈ పరీక్షకు మనుషుల కంటే ఆవుల దగ్గరే ఎక్కువ పని. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పాడి మీదే నడిచే ఇళ్లు లెక్కలేనన్ని. జెర్సీ, హెచ్ఎఫ్ సంకరజాతి ఆవు ఈనాక రెండు మూడు వారాల్లో పాలు ఒక్కసారిగా పెరుగుతాయి, మేత మాత్రం అంత వేగంగా పెరగదు. పాలలోని చక్కెర కోసం ఆవు ఒంట్లోని గ్లూకోజులో చాలా భాగం పొదుగుకు పోతుంది. లోటు తీర్చడానికి కొవ్వు కరుగుతుంది, కీటోన్లు పేరుకుంటాయి. మొదట ఆవు దాణా ముట్టదు, గడ్డి మాత్రం కొరుకుతుంది. పాలు తగ్గుతాయి. ఊపిరిలో, ఒక్కోసారి పాలలోనూ తియ్యటి వాసన. ఇక్కడ రైతును తప్పుదారి పట్టించే విషయం ఒకటుంది. కీటోసిస్ వచ్చిన ఆవు పాలలో వెన్నశాతం పెరుగుతుంది. పాలకేంద్రంలో లీటర్లు తగ్గినా ఫ్యాట్ బాగా వచ్చి రేటు పెరిగితే, ఆవుకు జబ్బుందని ఎవరికి అనుమానం వస్తుంది? పుంగనూరు పొట్టి ఆవుకు ఈ బెడద దాదాపు లేదు. అది రోజుకు ఇచ్చే రెండు మూడు లీటర్ల పాలకు ఒంట్లో కొవ్వంతా కరిగించే అవసరం రాదు.

కొట్టంలో టెస్ట్‌ట్యూబు, అమ్మోనియా సీసా పట్టుకుని వలయం కట్టించడం కుదిరే పని కాదు. అందుకు పశువైద్యులు రోథెరా పరీక్షను పొడిగా మార్చుకున్నారు. ఎక్కువ భాగం అమ్మోనియం సల్ఫేట్, దానికి సోడియం కార్బొనేట్, కొద్దిగా నైట్రోప్రస్సైడ్, అన్నీ మెత్తగా నూరి కలిపిన తెల్లటి పొడి. క్షారం పని ఇక్కడ కార్బొనేట్ చేస్తుంది. తడి లేనంతకాలం ఏ పదార్థమూ దేనితోనూ కలవదు కనుక, ముదురు రంగు సీసాలో బిగించి పెడితే నిలవుంటుంది. ఒక తెల్ల పలక మీద చిటికెడు పొడి, దాని మీద నాలుగు చుక్కల పాలు. ఊదా తేలితే తేలినట్టే. వలయం పోయింది, కానీ దాని వెనకున్న ఆలోచన ఏదీ పోలేదు. రసాయనాన్ని ఇంతగా తెలిసినవాళ్లే దాన్ని ఇంత తేలిక చేయగలరు.

మూత్రమా, పాలా అన్నది అసలైన తీర్పు. ఆవు మూత్రంలో కీటోన్లు బాగా చిక్కబడతాయి, ఆవు కాస్త నీరసపడినా రంగు వచ్చేస్తుంది. పాలలో పలచగా ఉంటాయి. పాలలో రంగు తేలిందంటే ఆ ఆవుకు వైద్యం కావాలి. మూత్రంలో రంగు లేదంటే కీటోసిస్ లేదని చెప్పవచ్చు. ఒకటి కాదని చెప్పడానికి, ఇంకోటి అవునని చెప్పడానికి. తోక కింద మెల్లగా నిమిరితే ఆవు మూత్రం పోస్తుందని కొట్టం పని తెలిసిన ప్రతి మనిషికీ తెలుసు. కాబట్టి రెండు నమూనాలూ ఆ నిమిషంలోనే దొరుకుతాయి.

మనుషులకు ఈ పరీక్షను చీటీ మీదికి తెచ్చిన పని అమెరికాలోని ఎల్‌ఖార్ట్ ఊళ్లో, మైల్స్ లేబొరేటరీస్‌లో జరిగింది. అక్కడ హెలెన్ ఫ్రీ, ఆమె భర్త ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ 1956లో మూత్రంలో చక్కెర చూపే చీటీ తెచ్చారు. తర్వాత కీటోన్ల చీటీ కూడా అదే దారిలో వచ్చింది. నైట్రోప్రస్సైడ్‌నూ క్షారాన్నీ ఎండబెట్టి కాగితంలో ఇమిడ్చితే రంగు పట్టీతో పోల్చి చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాముల లేత గులాబీ నుంచి 15, 40, 80, 160 దాకా ముదురు ఊదా. పట్టీ మీద చెప్పిన క్షణానికే చూడాలి. ముందు చూస్తే తక్కువ, ఆలస్యమైతే ఎక్కువ. మూత తీసి ఉంచిన డబ్బాలోని చీటీలు గాలికి చెడి, కీటోన్లున్నా లేవంటాయి. క్యాప్టోప్రిల్ వంటి కొన్ని మందులు వేసుకునేవాళ్లకు లేకపోయినా ఉన్నట్టు చూపవచ్చు.

2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కీటోజెనిక్ తరహా ఆహార పద్ధతి తెలుగు ఇళ్లలో బాగా వ్యాపించినప్పుడు కొబ్బరినూనెతోపాటు ఈ చీటీలూ ఇళ్లకు చేరాయి. మొదటి వారాల్లో ముదురు ఊదా చూసి సంతోషించినవాళ్లే కొన్ని వారాలకు రంగు పలచబడితే దిగులుపడ్డారు. రాగిసంగటి మానేసినా ఫలితం లేదని కొందరు వదిలేశారు కూడా. వాళ్ల ఒంట్లో కీటోసిస్ పోలేదు. కండరాలు కీటోన్లను వాడుకోవడం నేర్చుకుంటే, మూత్రపిండాలు వాటిని వదలకుండా పట్టుకుంటే మూత్రంలోకి వచ్చేవి తగ్గుతాయి. మూత్రం చెప్పేది ఒళ్లు పారేసిన లెక్క, రక్తంలో ఉన్న లెక్క వేరు. నీళ్లు ఎక్కువ తాగితే కూడా రంగు పలచబడుతుంది.

రక్తంలోని లెక్క మీటరు చెబుతుంది. దాని చీటీలో ఒక ఎంజైము ఉంటుంది. అది బీహెచ్‌బీనే పట్టుకుంటుంది. బీహెచ్‌బీ నుంచి తీసిన ఎలక్ట్రాన్లు విద్యుత్ ప్రవాహమవుతాయి. ఎంత ప్రవాహమో అంత కీటోను. వలయం చూడలేని అణువునే ఎంచుకుని కొలవడం ఇందులో నాకు నచ్చింది. ఆహార నియమంతో వచ్చే కీటోసిస్‌కు లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ దాకా లెక్క అని పరిశోధకులు ఫిన్నీ, వోలెక్ చెప్పారు. మధుమేహం ఉన్నవాళ్లకు 3 దాటితే అది ఆహార నియమం కాదు, ఆస్పత్రికి వెళ్లవలసిన పరిస్థితి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకైతే చక్కెర పెద్దగా పెరగకపోయినా కీటోఎసిడోసిస్ రావచ్చు. అలాంటివాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానకూడదు. ఊపిరిలో ఎసిటోన్ చూసే యంత్రాలు సూది పోటు లేకుండా చెబుతాయి గానీ, వాటి అంకెలు రక్తపు అంకెలంత నిలకడగా ఉండవు.

ఇదే మీటరు ఇప్పుడు ఆవు దగ్గరికీ వెళ్తోంది. తోక సిర నుంచి చుక్క రక్తం తీస్తే చాలు. 1.2 మిల్లీమోల్స్ దాటితే, ఆవు పైకి బాగానే కనబడుతున్నా, లోపల కీటోసిస్ మొదలైనట్టు లెక్క. పాలలో పొడి ఇంకా రంగు మారని దశలోనే మీటరు పట్టుకుంటుంది. అయితే మీటరు చీటీ ఒకసారికే, ధర ఎక్కువ. నూరిన పొడి సీసాతో ఊరంతా చూడవచ్చు. అందుకే ఇవాళ్టికీ ఈనిన ఆవుల ఇళ్లన్నీ తిరిగేటప్పుడు పొడితో పాలు చూసి, అనుమానమున్న ఆవుకే మీటరు పెట్టడం సరైన వరుస. రంగు వచ్చిన ఆవుకు మెడ సిరలో డెక్స్‌ట్రోజ్ ఎక్కించి, కొన్నాళ్లు నోటి ద్వారా ప్రొపిలీన్ గ్లైకాల్ తాగిస్తారు. దాణా మళ్లీ తినడం మొదలుపెట్టాక ఆ ఆవు పాలనే తెచ్చి, అదే పొడి మీద మరోసారి నాలుగు చుక్కలు వేసి చూస్తారు.