పదిహేనో స్థానాన్ని చదవడం

2005 మార్చి 6, ఆదివారం. మెల్‌బోర్న్‌లోని ఆల్బర్ట్ పార్క్‌లో ఆ ఏడాది ఫార్ములా వన్ సీజన్ మొదలవుతోంది. స్టార్టింగ్ గ్రిడ్ మీద పదకొండో చోట ఫెరారీలో రూబెన్స్ బారికెల్లో. పన్నెండో చోట జోర్డాన్ కారులో నరైన్ కార్తికేయన్. పదమూడో చోట రెనోలో ఫెర్నాండో అలొన్సో. గంటా ఇరవై నాలుగు నిమిషాల తర్వాత రేసు ముగిసింది. రెనోలోనే ఉన్న ఫిసికెల్లా గెలిచాడు. బారికెల్లోది రెండో స్థానం, అలొన్సోది మూడో స్థానం. ఆ ఇద్దరి మధ్య నుంచి బయల్దేరిన కార్తికేయన్‌ది పదిహేనో స్థానం, అదీ రెండు ల్యాపులు వెనక.

ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడి తొలి రేసు ఇది. నేను చూసినంతలో దీని గురించి మనవాళ్ళు రాసింది రెండు ముక్కల్లో తేలిపోతుంది: తొలి భారతీయుడు, పదిహేనో స్థానం. మొదటి ముక్కలో గర్వం, రెండో ముక్కలో కొంచెం మొహమాటం. ఆ రెంటి మధ్యా ఒక రేసు జరిగింది. దాన్ని మనం చదవలేదు. చదవడం అన్న మాట కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే నాకిది ఆటల పేజీ సమస్యలా కాక పాఠకుల సమస్యలా కనిపిస్తుంది.

మనం ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం. నా తరం అయితే మరీను, ఎంసెట్ నీడలోనే పెద్దయింది. టీవీలో గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు అరిచే కాలేజీ ప్రకటనలు మాకు కంఠతా వచ్చు. మార్కులు ఎన్నొచ్చాయో నెలలో మర్చిపోతారు గానీ ర్యాంకు పెళ్ళిచూపుల దాకా వెంటొస్తుంది. ర్యాంకు చెప్పేది ఒకటే: నీ ముందు ఎంతమంది ఉన్నారు. వాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు, ఎక్కడి నుంచి బయల్దేరారు, నువ్వెక్కడి నుంచి బయల్దేరావు అన్నవి అందులో ఉండవు.

సరే, దూరం లెక్క చూద్దాం. ఆల్బర్ట్ పార్క్‌లో అప్పటి ల్యాపు 5.303 కిలోమీటర్లు. 57 ల్యాపులకి 302 కిలోమీటర్ల పైచిలుకు. మా విశాఖ నుంచి హైవే ఎక్కితే సుమారుగా ఏలూరు దాటేంత దూరం. రెండు ల్యాపుల వెనకబాటు అంటే పది కిలోమీటర్ల పైన, అంటే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా అనుకోండి. ఫెరారీలూ రెనోలూ ఏలూరు దాటిన పూటే ఈ కుర్రాడు కూడా పది కిలోమీటర్ల తేడాతో ఆ దరిదాపుల్లోకి వచ్చేశాడు. 57లో 55 అంటే నూటికి 96 పైన. ఇంటర్‌లో ఆ మార్కులొస్తే వీధంతా స్వీట్లు పంచేవాళ్ళం.

ఇక ఎక్కడి నుంచి బయల్దేరాడన్నది. సీజన్ మొదటి రేసులో ఎవరి కారు ఎంతటిదో ఎవరికీ పూర్తిగా తెలియదు. శీతాకాలమంతా ఎవరికి వాళ్ళు దాచుకున్నది అక్కడే బయటపడాలి. ఆ ఏడాది రూల్స్ కూడా మారాయి. క్వాలిఫయింగ్‌కీ రేసుకీ కలిపి ఒకే టైర్ల సెట్టు, ఒకే ఇంజిన్‌తో రెండు రేసులు. పైగా శనివారం క్వాలిఫయింగ్‌లో వాన. ట్రాక్ మీదికి ఒక్కొక్కరే వెళ్ళి టైమ్ పెట్టే పద్ధతి అది. తడవని ట్రాక్ దొరికినవాళ్ళు బతికిపోయారు, వానలో దొరికినవాళ్ళు వెనక్కి జారిపోయారు. ఏడుసార్లు ఛాంపియన్ అయిన షూమాకర్ గ్రిడ్ చివర్లో ఎక్కడో ఉన్నాడు. బారికెల్లో, అలొన్సో కూడా అలా జారినవాళ్ళే. కాబట్టి ఆ పన్నెండో చోటులో వాన వాటా ఉంది. ఫిసికెల్లా గెలుపులో కూడా ఉంది. అతని పోల్ పొజిషన్ ఆ క్వాలిఫయింగ్ ఇచ్చిందే. ఓడినవాడి విషయంలో అదృష్టాన్ని వివరంగా లెక్కగట్టే మనం గెలిచినవాడి విషయంలో దాన్ని ప్రతిభ ఖాతాలో కలిపేస్తాం.

మరి కారు? జోర్డాన్ టీము ఆ జనవరిలోనే చేతులు మారింది. ఇంజిన్ టొయోటా దగ్గర తెచ్చుకున్నది. అలాంటి కారుని ఫెరారీ పక్కన పెట్టి డ్రైవర్ల గురించి తీర్పు చెప్పడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో మేం ఒక మార్పు పనిచేసిందో లేదో తెలియాలంటే మిగతావన్నీ అలాగే ఉంచి ఆ ఒక్కటే మార్చి చూస్తాం. రేసింగ్‌లో ఆ పరీక్ష పేరు టీమ్‌మేట్. అదే కారు, అవే టైర్లు, మనిషొక్కడే వేరు. ఆ రోజు జోర్డాన్ రెండో కారులో ఉన్న టియాగో మొంటేరో పదహారో స్థానంలో వచ్చాడు. అతనికీ అది తొలి రేసే. ఇద్దరు కొత్తవాళ్ళు, ఒకే రకం కారు, మనవాడు ముందు. ఆ ఆదివారం కార్తికేయన్ నిజంగా రాసిన పరీక్ష ఇదొక్కటే, అందులో పాసయ్యాడు. ఫలితాల పట్టికలో ఈ సంగతి 15, 16 అన్న రెండు అంకెల మధ్య గీతలో దాక్కుని ఉంది.

ఇవన్నీ తెలియకపోవడంలో టీవీ చేయి కూడా ఉంది. రేసు మనకి ఉదయం ఎనిమిదిన్నరకి మొదలైంది. అప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాతో పాటు చూస్తున్నవాళ్ళంతా పసుపు రంగు జోర్డాన్ కోసమే కూర్చున్నారు. అది తెర మీదికి ఎక్కువగా వచ్చింది ఎవరో ఒకరు దాన్ని దాటబోతున్నప్పుడే. ఒక ల్యాపు వెనకబడినవాడికి మార్షల్ నీలం జెండా ఊపుతాడు. వెనక నుంచి ముందున్నవాళ్ళు వస్తున్నారు, దారి ఇవ్వు అని. భద్రతకి అవసరమైన రూలే, కాదనను. కథనానికి కూడా ఆ జెండానే వాడటం దగ్గర నా పేచీ. వచ్చేవాడి కథ నీ కథ కన్నా ముఖ్యం, తప్పుకో అన్నట్టు కెమెరా ప్రతిసారీ దాటినవాడితోనే వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇలా పరిస్థితులు చూసి చదవమంటే చివరన వచ్చిన ప్రతివాడికీ గ్రేసు మార్కులు వేసినట్టు కాదా? కాదు. ఇదే చదువు పెద్ద అంకెల్ని కూడా కోస్తుంది. అదే ఏడాది జూన్ 19న ఇండియానాపోలిస్‌లో కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. అతని ఫార్ములా వన్ జీవితంలో పాయింట్లు వచ్చిన రేసు అదొక్కటే, వచ్చినవి ఐదు. పట్టిక చూస్తే అదే అతని శిఖరం. కానీ ఆ రోజు మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్‌కి సురక్షితం కావని తేలి, ఆ టైర్లు వాడే 14 కార్లు ఫార్మేషన్ ల్యాపు అవగానే గ్యారేజీలకి వెళ్ళిపోయాయి. రేసు నడిచింది ఆరే కార్లతో. ఆ ఆరుగురిలో నాలుగోవాడు మనవాడు, మూడోవాడు మొంటేరో. అంటే ఎవరితో పోల్చి చూడాలో ఆ ఒక్కడి కన్నా ఆ రోజు వెనకే ఉన్నాడు. నా మటుకు నాకు మెల్‌బోర్న్ పదిహేను, ఇండియానాపోలిస్ నాలుగు కన్నా పెద్దది.

ఆ తర్వాత మెల్‌బోర్న్ అతనికి ఇంకో రెండు పేజీలు ఇచ్చింది, రెండూ ఖాళీ పేజీలే. 2011, 2012 సీజన్ల మొదటి రేసులకి హెచ్‌ఆర్‌టీ టీముతో వెళ్ళాడు. క్వాలిఫయింగ్ మొదటి భాగంలో అందరికన్నా వేగమైన టైమ్‌కి 107 శాతం లోపల ఉండాలన్న రూల్ అందుకోలేక, రెండుసార్లూ రేసులో నిలబడనే లేదు. రెండుసార్లూ అతని టీమ్‌మేట్ గతీ అదే. సానుభూతి పనిచేయని చోటు ఇది. ఆ కారు ఆ స్థాయికి చాలలేదు, అంతే. కానీ అదే 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగినప్పుడు, అదే టీములో పదిహేడో స్థానంలో వచ్చాడు. పద్దెనిమిదో స్థానం టీమ్‌మేట్‌ది. ఆ టీమ్‌మేట్ పేరు డేనియల్ రికార్డో.

ఆ పేరు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'డ్రైవ్ టు సర్వైవ్' మొదటి ఎపిసోడ్ 2018 మెల్‌బోర్న్ రేసు చుట్టూ తిరుగుతుంది, అందులో సొంతగడ్డ మీద పరిగెత్తే హీరో రికార్డోనే. రేసింగ్ అంటే ఏమిటో తెలియని మా ఆఫీసు కుర్రాళ్ళు కూడా ఈ సిరీస్ చూసి ఆదివారాలు ఖాళీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ ఘనత దానికి ఇవ్వాల్సిందే. కెమెరాని అది వెనక వరసల వైపు తిప్పింది. మొదటి సీజన్‌కి మెర్సిడెస్, ఫెరారీ సహకరించకపోవడం కూడా ఇందుకు ఒక కారణం. పెద్దిళ్ళ తలుపులు మూసుకుంటే చిన్నిళ్ళ కథలు బయటికొచ్చాయన్నమాట.

ఆ ఎపిసోడ్‌లో నాకు గుర్తుండిపోయింది హాస్ టీము. నాలుగు, ఐదు స్థానాల్లో పరిగెడుతున్న వాళ్ళ రెండు కార్లూ పిట్ స్టాప్‌లో చక్రం నట్టు సరిగ్గా బిగియక ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. చేతికందిన 22 పాయింట్లు పోయాయి. సిరీస్ ఇక్కడ మొహాల దగ్గరికి వెళ్తుంది, బాస్ తిట్లు, మెకానిక్ కళ్ళు. బాగుంది, నాకూ గొంతు పట్టేసింది. కానీ రెండు సెకన్ల చిల్లరలో నాలుగు చక్రాలు మార్చే పని ఎలా నడుస్తుంది, అందులో ఒకే తప్పు రెండుసార్లు ఎలా దూరుతుంది అన్నది తెలుసుకోవాలంటే మనమే వేరే వెతుక్కోవాలి. పాత టీవీ వెనకవాణ్ణి చూపించలేదు. ఈ సిరీస్ వాడి బాధని చూపించి, వాడి పనిని వదిలేసింది. స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో పెరిగిన నాకు ఈ తేడా వెంటనే తగులుతుంది. షిఫ్టు దిగి వచ్చిన మనిషి మొహంలో అలసట కనిపిస్తుంది, ఫర్నేస్ కనిపించదు. ఫర్నేస్ తెలియకపోతే ఆ అలసట ఎవరిదైనా కావచ్చు.

తెలుగు నేల మీదికి ఇంత పెద్ద రేసు ఒక్కసారే వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా ఫార్ములా ఈ. సీజన్ లెక్కలో నాలుగో రేసు, కానీ ఆ పోటీ మన దేశంలో మొదలైంది అక్కడే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని పోయాయి, టీమ్‌మేట్ల కథకి అంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? మనకి మాత్రం ట్రాఫిక్ మళ్ళింపులు, వచ్చిన సెలబ్రిటీలు గుర్తున్నారు. 2024లో జరగాల్సింది రద్దయింది. ఆ పైన ఆ రేసు చెల్లింపుల మీద కేసుల వార్తగా మిగిలింది. రేసుని రేసుగా తెలుగులో ఎవరైనా రాసి ఉంటే నేను చదవాలనుకుంటున్నాను.

మాటలు లేవు కదా అంటారు. ఓవర్‌టేక్, ల్యాపు, పిట్ స్టాప్ అని రాసుకుంటే సరిపోతుంది, దానికి ఎవరూ పన్ను వెయ్యరు. చూసే పద్ధతి అయితే మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. ఒక్కో జత విడిగా బరిలోకి వస్తుంది. ఇచ్చిన సమయంలో బండని ఎన్ని అడుగులు లాగిందో అంగుళాలతో సహా మైకులో చెబుతారు. బహుమతులు వరస ప్రకారమే ఇస్తారు, నిజమే. కానీ బహుమతి రాని జత గురించి కూడా రచ్చబండ మీద మాట్లాడుకునేటప్పుడు అడుగులే చెప్పుకుంటారు, ఎండ ఎంతుందో చెప్పుకుంటారు, ఎద్దులు ఏ ఊరి నుంచి నడిచొచ్చాయో చెప్పుకుంటారు.

తొలి పుస్తకాల మీద మనం రాసే సమీక్షల్లో నాకు కొరతగా అనిపించేది సరిగ్గా ఇదే. "ఆశాజనకమైన తొలి అడుగు" అంటాం, లేకపోతే మాట్లాడకుండా ఊరుకుంటాం. ఆ రచయిత ఎక్కడి నుంచి బయల్దేరాడు, ఏ భాషని ఎంత దూరం లాగాడు, అదే సరుకుతో పక్కవాడు ఏం చేశాడు అని కొలవం. ఆ కొలతలో కొన్ని పదిహేనులు పెరుగుతాయి, కొన్ని నాలుగులు తరుగుతాయి. అవార్డుల జాబితాల్లో ఏవేవి తరుగుతాయో మీకూ నాకూ కొంత అంచనా ఉంది.