పొందూరు తెలుపు కెమెరాకు అందాలంటే

ఉత్తరాంధ్రలోని పొందూరులో నేసే సన్నఖద్దరు పంచెను అరుగు మీద పరిచి ఫొటో తీసిన కొత్తవాళ్ళకు తరచూ ఎదురయ్యేది నిరాశే. కంటికి అంత తెల్లగా కనిపించిన బట్ట ఫోన్ తెర మీద మసకబారి, ఉతికి చాలా రోజులైనట్టు బూడిదరంగులో కనిపిస్తుంది. ఫోన్ మంచిది కాదేమో, కెమెరా కొనుక్కోవాలేమో అనుకుంటారు. లక్ష రూపాయల కెమెరాతో తీసినా, దాని మానాన దాన్ని వదిలేస్తే వచ్చేది ఆ బూడిదరంగే.

కారణం కెమెరా లోపలి కొలతలో ఉంది. ఎదురుగా ఉన్నది తెల్లబట్టో నల్లరాయో దానికి తెలియదు. ఏ దృశ్యమైనా సగటున మధ్యరకం బూడిదరంగంత వెలుతురునే తిప్పి పంపుతుందని అనుకుని లెక్క కడుతుంది. ఫొటోగ్రఫీ పుస్తకాల్లో కనిపించే 18 శాతం బూడిదరంగు ఇదే. ఫ్రేమంతా తెల్లబట్ట పరుచుకుంటే వెలుతురు మరీ ఎక్కువైందని భ్రమపడి తగ్గించేస్తుంది. ఈనాటి ఫోన్లు ముఖాలను, ఆకాశాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నా, నిండా తెలుపే ఉన్న ఫ్రేములో ఇప్పటికీ తడబడతాయి.

దీనికి మందు సులువు. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని ప్లస్ 1 దగ్గర పెడితే లోపలికి వచ్చే వెలుతురు రెట్టింపవుతుంది. తెల్లబట్టకు ప్లస్ 1 నుంచి ప్లస్ 1.5 వరకు సరిపోతుంది. ఫోన్‌లోనైతే బట్ట మీద వేలు నొక్కి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి. అక్కడితో ఆగాలి కూడా. ఇంకా పెంచితే బట్ట మొత్తం తెల్లటి మచ్చగా మారి నూలుపోగులు మాయమైపోతాయి. అలా పోయిన పోగులను తర్వాత కంప్యూటర్‌లో ఎంత సవరించినా వెనక్కి తేలేం. అందుకే ఫొటో తీయగానే పెద్దది చేసి, బాగా వెలుగు పడిన చోట పడుగు, పేక విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.

పోగు కనబడకపోతే పొందూరు బట్టకు ఫొటో తీసి ఫలితం లేదు. ఇక్కడి గొప్పంతా ఆ పోగులోనే ఉంది. నూరు కౌంటు అనే చాలా సన్నని నూలును చేత్తో వడికి, చేమగ్గం మీద నేసే ఊరు ఇది. గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో ఈ ఖద్దరును ప్రస్తావించారు. 1949లో ఇక్కడ ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. అంత సన్నని పోగును చూపించే శక్తి పక్కవాటుగా వచ్చే వెలుతురుకే ఉంది. ఎదురుగా వచ్చే వెలుతురు బట్టను చదును చేసేస్తుంది. ఫోన్ ఫ్లాష్ చేసే చేటు అదే. కిటికీ పక్కనో గుమ్మం పక్కనో బట్ట పరిచి, వెలుతురు ఏటవాలుగా దాని మీద పడేటట్టు చూస్తే ప్రతి పోగుకూ ఒక సన్నని నీడ పుడుతుంది. ఆ నీడల వల్లే బట్ట చేతికి తగిలినట్టు ఉంటుంది.

గదిలో ట్యూబులైటు వెలుగుతుంటే ఆపమని అడగడం మంచిది. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబు వెలుతురు మరో రంగు. రెండూ కలిస్తే తెలుపు ఒకవైపు నీలంగా, మరోవైపు పచ్చగా పాలిపోతుంది. ఎర్రపత్తితో నేసిన బట్టకైతే ఇంకో జాగ్రత్త కావాలి. ఆ పత్తికి పుట్టుకతోనే ఒక వెచ్చని ఛాయ ఉంటుంది. రంగులను కెమెరా తనంతట సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని దోషమనుకుని తుడిచేసే ప్రమాదం ఉంది. వైట్ బ్యాలెన్స్‌ను ‘డేలైట్’ దగ్గర స్థిరంగా పెట్టి, పక్కన మామూలు తెల్లకాగితం ఉంచి తీస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సన్నని నేతతో మరో చిక్కు ఉంది. కొన్ని దూరాల్లో బట్ట మీద లేని అలలు, రంగురంగుల చారలు ఫొటోలో ప్రత్యక్షమవుతాయి. వీటిని మోయిరే అంటారు. నేత గళ్ళు, సెన్సర్ మీది పిక్సెళ్ళ గళ్ళు దాదాపు ఒకే కొలతకు వచ్చినప్పుడు పుట్టే చారలివి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, కెమెరాను కాస్త వాలుగా పట్టినా పోతాయి.

బట్ట దగ్గర నుంచి పని దగ్గరకు వెళ్తే అసలైన సాధన మొదలవుతుంది. పొందూరులో పత్తిని శుభ్రం చేసే దువ్వెన వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నని, దట్టమైన పళ్ళతో గింజకు అంటుకున్న దూదిని దువ్వుతారు. గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఆరిన అరటి దబ్బలో దాచుకుంటారు. ఆ దవడ ఎముకను ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి తీస్తే అదేమిటో, ఎంతుంటుందో చూసేవాళ్ళకు అంతుపట్టదు. పట్టుకున్న వేళ్ళతో సహా తీస్తే పరిమాణమూ తెలుస్తుంది, పనీ తెలుస్తుంది. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే ఫోకస్ అందదు. కాస్త వెనక్కి జరిగి రెండు రెట్ల లెన్సు వాడుకోవాలి. దూది నలకలు గాలిలో తేలుతుంటాయి కాబట్టి లెన్సును మెత్తని గుడ్డతో మాటిమాటికీ తుడుచుకోవాలి.

రాట్నం దగ్గర నిలబడగానే కొత్తవాళ్ళు వరసగా నొక్కుతూ పోతారు. కొంతసేపు ఊరికే చూడడం అంతకంటే లాభం. కుడిచేయి చక్రం తిప్పుతుంటే ఎడమచేయి ఏకును వెనక్కి, పైకి సాగదీస్తుంది. చేయి పూర్తిగా చాచుకున్నాక ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ తర్వాత పోగు కదురుకు చుట్టుకుంటుంది. తీయవలసిన క్షణం ఆ నిలుపులోనే ఉంది. షట్టర్ వేగం సెకనులో 15వ వంతు ఉంటే చక్రం ఆకులు తిరుగుతున్నట్టు చెదిరి, నిలిచిన చేయి స్పష్టంగా వస్తుంది. సెకనులో 500వ వంతు పెడితే చక్రం ఆగిపోయినట్టే కనిపిస్తుంది. తక్కువ వేగంలో కెమెరా కదలకుండా ఉండాలంటే స్తంభానికి భుజం ఆనించి, మోచేతులు ఒంటికి అదిమిపెట్టి, ఊపిరి వదులుతూ నొక్కాలి.

పనిని ముందు తెలుసుకోవాలన్న నియమాన్ని ఒక ప్రపంచ ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ కూడా పాటించవలసి వచ్చింది. 1946లో లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బూర్క్‌వైట్ గాంధీజీని రాట్నంతో ఫొటో తీయడానికి వెళ్ళినప్పుడు, ముందు నూలు వడకడం నేర్చుకోమని ఆయన కార్యదర్శి పట్టుబట్టారు. ఆమె నేర్చుకున్నారు. గది చీకటిగా ఉంది, మూడంటే మూడు ఫ్లాష్ బల్బులకు అనుమతి దొరికింది. మొదటి రెండు ప్రయత్నాలు వృథా అయ్యాయి, మూడోది ఫలించింది. ఆ చిత్రంలో రాట్నం ముందు పెద్దగా ఉంటుంది, గాంధీజీ దాని వెనక కూర్చుని చదువుకుంటుంటారు. పనిముట్టును ముందుంచి మనిషిని వెనక చూపే ఆ అమరిక పొందూరు ఇళ్ళలోనూ చక్కగా కుదురుతుంది.

ఇక్కడ నూలు వడికేది ఎక్కువగా ఆడవాళ్ళు, వారిలో చాలామంది వయసు పైబడినవాళ్ళు. వారి సంపాదన వడికిన నూలు చుట్టల, అంటే చిలపల లెక్కన వస్తుంది. ‘ఇటు చూడండి, మళ్ళీ ఒకసారి’ అంటూ ఆపిన ప్రతిసారీ ఆ నష్టం వారిదే. ‘అమ్మా, మీరు పని చేసుకుంటుండగానే ఫొటో తీసుకోమంటారా?’ అని అడిగి, సరేనన్నాకే కెమెరా పైకెత్తాలి. వద్దంటే నమస్కారం పెట్టి కదలాలి. తీసిన వాటిలో ఒకటి ప్రింట్ వేయించి వారి చేతికివ్వడం ఫొటో తీసినవాళ్ళ బాధ్యత. ఆ ఖర్చు చాలా చిన్నది, అయినా ఎక్కువమంది మరిచిపోయేది అదే.

పొందూరులో పట్టుబడిన ఈ వెలుతురు లెక్క ఉత్తరాంధ్రలో మరో రెండు చోట్ల పరీక్షకు నిలుస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానుతో తొలిచే ఏకాండి వీణ ముదురురంగులో ఉండి, వెనక గోడ కూడా చీకటిగా ఉంటే కెమెరా తిరగబడి వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు మైనస్ 1 వైపు వెళ్ళాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు ఎదురుగా ఉన్నదాన్నంతా తమలో చూపిస్తాయి, ఫొటో తీసే మనిషితో సహా. పాత్రకూ కిటికీకీ మధ్య పల్చటి తెల్లబట్ట వేలాడదీస్తే మిరుమిట్లు తగ్గి మెరుపు మెత్తబడుతుంది. అందుకు పొందూరు పంచె భేషుగ్గా పనికొస్తుంది.

హౌరా–చెన్నై రైలుమార్గంలో పొందూరుకు స్టేషనుంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఖాదీ సంఘం దగ్గర విచారించి, ఎండ ఏటవాలుగా ఉండే ఉదయపు వేళకు చేరుకుంటే మేలు. వందలాది ఫొటోల బదులు ఒక వరస అనుకుని పని మొదలుపెట్టవచ్చు: గింజతో ఉన్న పత్తి, చేప దవడ దువ్వెన, అరటి దబ్బలో ఏకులు, చాచిన చేయి, చిలప, మగ్గం మీద పడుగు, మడత పెట్టిన పంచె. ఏడు ఫొటోలు. ఊరికి వెళ్ళే వీలులేనివాళ్ళు ఈ ఆదివారం ఇంట్లోని తెల్ల తువ్వాలును కిటికీ పక్కన పరిచి, సున్నా, ప్లస్ 1, ప్లస్ 2 దగ్గర ఒక్కొక్కటి తీసి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.